నాయన అడిగిన మిగతా పావు

మా పెట్ స్కాన్ విభాగంలో రోజు మొదలయ్యేది ఒక సీసం డబ్బాతో. తెల్లవారుజామున సైక్లోట్రాన్ (రేణువుల వేగం పెంచే యంత్రం) దగ్గర తయారైన ఎఫ్‌డీజీ అనే మందు అందులో వస్తుంది. చూడ్డానికి నీళ్ళలాగే ఉంటుంది. చక్కెర లాంటి పదార్థానికి రేడియోధార్మికమైన ఫ్లోరిన్-18 తగిలించిన మందు అది. 110 నిమిషాలకు సగమైపోతుంది, ఎవరి కోసమూ ఆగదు. బెంగళూరు హెబ్బాళ ఫ్లైఓవర్ దగ్గర వ్యాను గంటసేపు ఇరుక్కుందంటే దాదాపు మూడో వంతు మందు దారిలోనే అయిపోయినట్టు. వరుసలో చివర ఉన్న పేషెంటుకు డోసు చాలుతుందా అని అప్పుడు లెక్కలు వేసుకుంటూ కూర్చుంటాం. రాత్రి నుంచి ఏమీ తినకుండా వచ్చిన పెద్దావిడను "రేపు రండమ్మా" అని పంపడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుసు.

పదకొండేళ్ళుగా నా పని ఇదే. ఆ మందులోంచి వచ్చేవి పాజిట్రాన్లు. ఎలక్ట్రాన్‌కు అన్నిట్లోనూ సరిజోడు, ఛార్జీ, అంటే విద్యుదావేశం, ఒక్కటే తిరగబడి ఉంటుంది. అంటే యాంటీమ్యాటర్, ప్రతిపదార్థం. పది మిల్లీక్యూరీల డోసు ఎక్కిస్తే సెకనుకు 37 కోట్ల ఫ్లోరిన్ అణువులు విరుగుతాయి, వాటిలో నూటికి 97 పాజిట్రాన్‌ను వదుల్తాయి. ఒక్కో పాజిట్రాన్ ఒంట్లో మిల్లీమీటరు కూడా సరిగ్గా నడవకుండానే ఏదో ఎలక్ట్రాన్‌ను తాకి, రెండూ లేకుండా పోతాయి. వాటి బదులు రెండు గామా కిరణాలు, ఒక్కోటి 511 కిలోఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో, ఎదురెదురు దిక్కులకు బయల్దేరతాయి. మా స్కానర్ పట్టుకునేది ఆ జంటనే.

ఇంత దగ్గరగా ఉంటూ కూడా ఒక్క ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. దాన్ని అడిగింది మా నాయన.

2023 సెప్టెంబరు చివరి వారం. కావేరి నీళ్ళ గొడవతో మంగళవారం బెంగళూరు బంద్, శుక్రవారం కర్ణాటక బంద్. శుక్రవారం పేషెంట్లు సగం మంది రాలేదు. సోమవారం గాంధీ జయంతి సెలవు కూడా కలిసింది కాబట్టి శనివారం పొద్దున కె.ఆర్.పురంలో మారికుప్పం రైలెక్కి మా ఊరు కేజీఎఫ్, అంటే కోలార్ గోల్డ్ ఫీల్డ్స్, వెళ్ళాను. ఆ బుధవారమే నేచర్ పత్రికలో ఒక పేపరు వచ్చింది. జెనీవా దగ్గర సెర్న్ అనే భౌతిక పరిశోధనశాలలో ఆల్ఫా అనే బృందం యాంటీహైడ్రోజన్‌ను, అంటే యాంటీమ్యాటర్‌తో చేసిన హైడ్రోజన్‌ను, వదిలి, అది ఎటు పోతుందో చూసింది. రైల్లో కిటికీ పక్కన చోటు దొరికింది, బంగారుపేట దాకా దాన్నే చదువుకుంటూ పోయాను.

నాయన రిటైరైన మెషినిస్టు. ముప్పై ఏళ్ళు లేత్ మీద నిలబడ్డ మనిషి. ఇంట్లో ఇప్పటికీ ఆయన మైక్రోమీటరు మెత్తటి గుడ్డలో చుట్టి బీరువాలో ఉంటుంది. కుప్పంలో తెలుగు మీడియంలో చదువుకున్నాడు, గురుత్వాన్ని భూమ్యాకర్షణ శక్తి అనే అంటాడు ఇప్పటికీ. నేను పేపరు సంగతి చెబుతుంటే టీ గ్లాసు కింద పెట్టి అడిగాడు.

"అట్లయితే ఏం పాపా, రోజూ నువ్వు చూసేటివి కింద పడతాయా, పైకి పోతాయా?"

తెలీదు నాయనా, అన్నాను. సెకనుకు కోట్లలో చేతిలోంచి పోయే వస్తువు కింద పడుతుందో లేదో తెలీదు. చెప్పడానికే ఇబ్బందిగా అనిపించింది. ఆ రాత్రి కాగితం తీసి లెక్క వేశాను. ఒంట్లో నెమ్మదించిన పాజిట్రాన్‌కు ఆయుష్షు సుమారుగా ఒక నానోసెకను. ఆ వ్యవధిలో ఏ వస్తువైనా ఎంత పడుతుందో హైస్కూలు సూత్రంతోనే తేలుతుంది. వచ్చిన దూరం ప్రోటాను అడ్డకొలతలో వందో వంతు కూడా లేదు. మా స్కానర్‌కు నాలుగైదు మిల్లీమీటర్ల కంటే సన్నగా చూడ్డం రాదు. అంటే నా పనిలో ఉంటూ ఆ ప్రశ్నకు జవాబు దొరికే దారే లేదు.

పోనీ పాజిట్రాన్‌ను ఖాళీలో వదిలితే? దాని బరువు ఎంత తక్కువంటే, ఒక వోల్టును పద్దెనిమిది వందల కోట్ల ముక్కలు చేసి, అందులో ఒక్క ముక్కను మీటరు ఎడంలో పెడితే చాలు, ఆ విద్యుత్ బలం దాని బరువుకు సరితూగిపోతుంది. ప్రయోగం చేసే గొట్టం గోడలో లోహపు రేణువులు సరిగ్గా సర్దుకోకపోయినా అంతకంటే ఎక్కువ వోల్టేజి పుడుతుంది. 1960లలో స్టాన్‌ఫర్డ్‌లో విట్టెబోర్న్, ఫెయిర్‌బ్యాంక్ అనే ఇద్దరు రాగి గొట్టంలో ఎలక్ట్రాన్లను వదిలి చూశారు, 1967లో ఫలితం ప్రచురించారు. తర్వాత పాజిట్రాన్లతో చేయాలన్నది వాళ్ళ ఆలోచన. ఆ రెండోది జరగనే లేదు.

కాబట్టి ఛార్జీ లేని యాంటీమ్యాటర్ కావాలి. ప్రోటానుకు తిరగబడిన జోడైన యాంటీప్రోటాన్ చుట్టూ పాజిట్రాన్ తిరిగే అణువు, యాంటీహైడ్రోజన్. మాట తేలికే. 1928లో డిరాక్ యాంటీమ్యాటర్‌కు దారితీసిన సమీకరణం రాశాడు, 1932లో ఆండర్సన్ పాజిట్రాన్ జాడను ఫొటో తీశాడు, 1955లో బర్క్‌లీలో యాంటీప్రోటాన్ దొరికింది. రెండూ కలిసిన అణువు మొదట కనిపించింది 1995లో, సెర్న్‌లోనే, తొమ్మిది అణువులు. అవీ దాదాపు కాంతి వేగంతో దూసుకుపోయి మాయమయ్యాయి. నిలబెట్టి బోనులో పెట్టగలిగింది 2010లో. ఆల్ఫా వాళ్ళు 38 అణువులను సెకనులో ఆరో వంతు సేపు పట్టుకున్నారు. మరుసటి ఏడాదికే వెయ్యి సెకన్ల దాకా.

ఆండర్సన్ ఫొటో గురించి ఒక్క మాట. రేణువు నడిచిన దారి ఆవిరిలో గీతలా కనిపించే పెట్టె, క్లౌడ్ ఛాంబర్, మధ్యలో ఆరు మిల్లీమీటర్ల సీసం పలక పెట్టాడాయన. రేణువు పలకను దాటాక శక్తి తగ్గి అయస్కాంత క్షేత్రంలో ఎక్కువ వంగుతుంది కాబట్టి అది ఏ వైపు నుంచి ఏ వైపుకు పోయిందో తెలుస్తుంది. ఆ ప్రసిద్ధ ఫొటోలో పాజిట్రాన్ కింది నుంచి పైకి పోతోంది! గురుత్వానికీ దానికీ సంబంధం లేదు, శక్తి ఎక్కువ ఉన్న రేణువు ఎటైనా పోతుంది. అయినా మనిషి గుర్తుపట్టిన మొట్టమొదటి యాంటీమ్యాటర్ పైకి పోతూ కనబడిందన్న విషయం చదివినప్పటి నుంచీ ఆ ఫొటో నా మనసులో ఉండిపోయింది.

ఇక ఆల్ఫా బోను. యాంటీప్రోటాన్లు వచ్చేది సెర్న్‌లోని డిసిలరేటర్ నుంచి. లోకంలో అందరూ రేణువుల వేగం పెంచే యంత్రాలు కడితే ఇది తగ్గించడానికి కట్టింది. పాజిట్రాన్లు ఎక్కణ్ణుంచి తెస్తారో చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. సోడియం-22 నుంచి. పాజిట్రాన్లనిచ్చే ఐసోటోపు, రెండున్నరేళ్ళకు పైగా ఉంటే గానీ సగం కాదు. కొన్ని రకాల పెట్ స్కానర్లను సరిచూడ్డానికి వాడే చిన్న సోర్సు కూడా అదే. నేను చేతికి గ్లౌజు వేసుకుని సీసం గూట్లోంచి తీసి పెట్టే బిళ్ళ, జెనీవాలో యాంటీహైడ్రోజన్ తయారయ్యే చోట ఉన్న మూలకం, రెండూ ఒకటే. మా దగ్గర ఉన్నది చాలా చిన్నది, వాళ్ళది ఎన్నో రెట్లు బలమైనది, అంతే తేడా.

అణువుకు మొత్తం మీద ఛార్జీ లేదు, కానీ అది సన్నటి అయస్కాంతం లాంటిది. చుట్టూ బలమైన అయస్కాంత క్షేత్రం, నడుమ బలహీనం ఉండేట్టు కాయిల్స్ చుడితే ఆ నడుమ గుంటలో అది ఆగుతుంది. గోడలకు తగిలితే పోతుంది కాబట్టి అయస్కాంతమే గోడ. కాయిల్స్ సూపర్‌కండక్టర్లు, ద్రవ హీలియంలో చల్లగా ఉండాలి. మా పక్క గదిలోని ఎమ్మారై యంత్రంలోనూ అదే ఏర్పాటు. కానీ ఈ బోను ఎంత లోతు? అర కెల్విన్ కంటే వేడిగా ఉన్న అణువు గట్టు దూకి పారిపోతుంది. సున్నా కెల్విన్ అంటే మైనస్ 273 డిగ్రీలు, దానికి అర డిగ్రీ పైన. అంత చల్లటి అణువు కూడా సెకనుకు వంద మీటర్ల వేగంతో అటూ ఇటూ కొట్టుకుంటూ ఉంటుంది.

కష్టం ఇక్కడుంది. బోను పొడవు పావు మీటరు, నిలువుగా నిలబెట్టింది. పావు మీటరు పడితే గురుత్వం ఇచ్చే శక్తి, వంద మీటర్ల వేగంతో తిరిగే అణువు శక్తిలో రెండు వేలో వంతు. గబుక్కున తలుపు తీస్తే అణువులు పైకీ కిందికీ దాదాపు సమానంగా పోతాయి, ఏమీ తెలీదు. అందుకని తీయడమే మెల్లగా తీశారు. పైనా కిందా మూతల్లా ఉన్న రెండు కాయిల్స్‌లో కరెంటును ఇరవై సెకన్లపాటు తగ్గిస్తూ వచ్చారు. గట్టు మెల్లగా కిందికి దిగుతుంటే, లోపల వందలసార్లు పైకీ కిందికీ పోయివచ్చిన అణువు ఎటు గట్టు వెంట్రుకవాసి తక్కువుంటే అటు దాటుతుంది. దాటి గోడకు తగిలి పేలుతుంది. ఎక్కడ పేలిందో చూసి పైనా కిందా అని లెక్కపెట్టుకోవడమే.

ఇంకో మెలిక ఉంది. పావు మీటరులో గురుత్వం చేసే పనిని అయస్కాంత భాషలోకి మారిస్తే నాలుగున్నర గాస్ అవుతుంది (గాస్ అంటే అయస్కాంత క్షేత్రం బలానికి కొలమానం). ఫ్రిజ్ తలుపుకు అంటించే బొమ్మలో ఉండే అయస్కాంతానికి అందులో పదింతల బలం ఉంటుంది. బోనులో ఉన్నది సుమారు పది వేల గాస్. పైమూతకూ కిందిమూతకూ ఆ పది వేలలో నాలుగు తేడా వచ్చినా అణువు కింద పడిందా, అయస్కాంతం లాగిందా అన్నది చెప్పలేం. లోపల ఎలక్ట్రాన్ల గుంపు పెట్టి, మైక్రోవేవ్‌తో కదిలించి, అవి తిరిగే లయను బట్టి క్షేత్రం ఎంతో చోటు చోటునా కొలిచారు. ఆ భాగం మాత్రం రెండుసార్లు చదివాను.

అంతటితో ఆగలేదు, కావాలనే తేడా పెట్టారు. త్రాసులో ఒక పక్క బెల్లం ముద్ద పెట్టి రెండో పక్క ఒక్కో గుండూ వేస్తూ పోతాం కదా, అట్లా. గురుత్వానికి మూడింతల అయస్కాంతపు తోపుడు కిందికి, తర్వాత రెండింతలు, ఒకటి, సున్నా, తర్వాత పైకి, మూడింతల దాకా. ప్రతి మెట్టు దగ్గరా విడతకు వంద చొప్పున అణువులు. కొన్ని గంటలపాటు కూడబెడితే గానీ ఆ వంద రావు. నా పేషెంటు ఒంట్లో సెకనుకు 37 కోట్లు, వాళ్ళకు పూటకు వంద! తోపుడు ఏమీ లేనప్పుడు నూటికి 80 దాకా కిందనే పేలాయి. పైకి ఒక గురుత్వమంత తోస్తే పైనా కిందా ఇంచుమించు సమానం. ముద్ద బరువు తెలిసిపోయింది.

నాయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"అయితే కిందనే పడినాదా?"

"కిందనే పడింది నాయనా."

మేం పెట్‌లో చేసే పని, ఆల్ఫా వాళ్ళు డిటెక్టరులో చేసిన పని, రెండింటికీ ఉన్న పోలిక చెప్పకుండా ఉండలేను. గామా కిరణాలు జంటగా వచ్చాయా, వేర్వేరు చోట్ల పుట్టినవి పొరబాటున జంటలా కనబడ్డాయా అన్నది మాకు రోజూ ఉండే తగవు. వాళ్ళకు ఆ తగవు కాస్మిక్ కిరణాలతో. ఆకాశం నుంచి దిగే మ్యుయాన్లనే రేణువులు డిటెక్టర్ గుండా సూటిగా దూసుకుపోతూ గుర్తులు వదుల్తాయి. యాంటీప్రోటాన్ పేలితే పయాన్లనే రేణువులు ఒకే చుక్క నుంచి నాలుగు వైపులా చిమ్ముతాయి. ఆకారం చూసి వేరు చేయాలి. వంద అణువుల లెక్కలో పది దొంగవి కలిస్తే పరువు పోతుంది.

కాస్మిక్ కిరణాలు అనగానే నాయనకు వాళ్ళ నాన్న గుర్తొచ్చాడు. మా తాత ఛాంపియన్ రీఫ్ గనిలో పనిచేశాడు. కేజీఎఫ్‌లో చాలా తెలుగిళ్ళది అదే కథ. చిత్తూరు పల్లెల్లో పంటలు లేక బంగారం తవ్వడానికి వచ్చినవాళ్ళం. ఆ గనిలోనే, భూమికి రెండు కిలోమీటర్లకు పైగా లోతులో, టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు జపాన్, ఇంగ్లండ్ వాళ్ళతో కలిసి పరికరాలు పెట్టుకుని కూర్చున్నారు. అంత రాయిని దాటుకుని మ్యుయాన్లు దాదాపు రావు. ఆ నిశ్శబ్దంలోనే 1965లో వాతావరణంలో పుట్టి అంత రాయినీ దాటిపోయే న్యూట్రినోలనే రేణువుల జాడ దొరికింది. "లోపల వేడికి మనిషి ఉడికిపోతాడు, ఆ అయ్యగార్లు మాత్రం పెట్టెల ముందర కదలకుండా కూర్చునేవాళ్ళంట" అన్నాడు నాయన. తాత చెప్పింది ఆయనకు అంతే గుర్తుంది. గని 2001లో మూతపడింది. మా ఇంటి వెనక నుంచి చూస్తే బంగారం తీశాక మిగిలిన సైనైడ్ దిబ్బలు ఇప్పటికీ తెల్లగా కనిపిస్తాయి. రాని రేణువు కోసం, వస్తే తప్పక గుర్తుపట్టాలని, అన్నీ తీసేసి కాచుకుని కూర్చోవడం మా ఊరికి కొత్త కాదన్న సంగతి ఆ రోజు నాకు గట్టిగా తాకింది.

మంగళవారం డ్యూటీకి వచ్చి ఈ సంగతి మా డాక్టరుగారితో అంటే ఆయన, "కింద పడక ఎక్కడికి పోతుంది? ఇది ముందే తెలిసిందేగా, ఇంత శ్రమ ఎందుకు?" అన్నారు. మర్యాదగా ఊరుకున్నాను గానీ ఆ మాట నాకు రుచించలేదు. ఆయన అన్నదాంట్లో కొంత నిజం ఉంది. ఐన్‌స్టైన్ సిద్ధాంతం ప్రకారం దేనితో చేసిందైనా ఒకేలా పడాలి. పైగా ప్రోటాను బరువులో దాని లోపలి రేణువులైన క్వార్కుల సొంత బరువు నూటికి ఒకటి కంటే పెద్దగా ఉండదు, మిగతాదంతా వాటిని కట్టి ఉంచే శక్తి. యాంటీప్రోటాన్‌లోనూ అంతే. కాబట్టి అది పైకి ఎగురుతుందని గట్టిగా నమ్మిన భౌతిక శాస్త్రవేత్తలు తక్కువ. కానీ నమ్మకం వేరు, వదిలి చూడ్డం వేరు. మా స్కానర్ నిన్న సాయంత్రం దాకా బాగానే పనిచేసింది, అయినా ఈరోజు పొద్దున క్యూసీ, అంటే యంత్రం సరిగ్గా ఉందో లేదో చూసే పరీక్ష, చేయకుండా మొదటి పేషెంటును లోపలికి పంపను. పంపమని ఎవరు చెప్పినా పంపను. ఎవరూ వదిలి చూడని వస్తువు గురించి "తెలిసిందే" అనడం క్యూసీ చేయకుండా సంతకం పెట్టడమే.

ఆల్ఫా వాళ్ళు ఎంతకాలం నిలబడ్డారో కూడా చూడాలి. 2013లో పాత బోను లెక్కల్నే తిరగేసి ఒక హద్దు చెప్పారు. యాంటీహైడ్రోజన్ మామూలు గురుత్వానికి 110 రెట్ల కంటే ఎక్కువగా కింద పడదు, 65 రెట్ల కంటే ఎక్కువగా పైకి పోదు అని. అంతే చెప్పగలిగారు, ఉన్నది ఉన్నట్టు అదే రాశారు. తర్వాత నిలువు బోను కట్టి 2018లో హడావుడిగా నిలబెట్టారు. పని పూర్తికాక ముందే సెర్న్ యంత్రాలన్నీ మరమ్మతులకు ఆగిపోయాయి. మళ్ళీ రేణువులు వచ్చి, అన్నీ సర్దుకుని, కొలత తీసింది 2022లో. ఈ బృందానికి మొదటి నుంచీ ముందు నిలిచిన జెఫ్రీ హాంగ్‌స్ట్ యాంటీహైడ్రోజన్ వెంట పడి ముప్పై ఏళ్ళు దాటింది.

ఇప్పుడు ఆ అంకె. 0.75. మామూలు గురుత్వంలో ముప్పాతిక వంతు. నాయన దగ్గర ఈ అంకె చెప్పడమే నేను చేసిన పొరబాటు, ఎందుకంటే ఆయన వెంటనే లేచి కూర్చున్నాడు.

"ముప్పాతికా? మిగతా పావు ఏమైంది?"

దాని పక్కన ప్లస్ ఆర్ మైనస్ ఉందని, అంటే అంకె అంత అటూ ఇటూ ఉండొచ్చని, చెప్పాను. కొలతలో 0.13, కంప్యూటరు అనుకరణలో 0.16. రెండూ కలుపుకుంటే ఒకటి కూడా అందులోకే వస్తుంది. పైకి ఎగురుతుందన్న మాట మాత్రం పూర్తిగా కొట్టుకుపోయింది. కానీ సరిగ్గా మనలాగే పడుతుందా, కొంచెం తక్కువగా పడుతుందా అన్నది ఈ కొలతతో తేలదు. ఆయన చాలాసేపు ఆలోచించాడు. లేత్ మీద నూరో వంతు మిల్లీమీటరు తేడాకు పీసు పక్కన పెట్టేసిన మనిషి.

"ఇది మొదటి కోత," అన్నాడు. "రఫ్ కటింగ్. మొదట ఎక్కువ మెటల్ ఉంచుకుని కోస్తాం. తర్వాతనే ఫినిషింగ్."

అంతకంటే బాగా ఆ పేపరును ఎవరూ వివరించలేరనిపించింది నాకు. ఫినిషింగ్‌కు దారి కూడా కనిపిస్తోంది. 2021లో ఇదే బృందం లేజరుతో యాంటీహైడ్రోజన్‌ను ఇంకా చల్లబరిచింది. అణువు మెల్లగా తిరిగితే గురుత్వం పాలు పెరుగుతుంది, కొలత సన్నబడుతుంది. నూటికి ఒక పాలు తేడా కూడా పట్టుకోవాలన్నది వాళ్ళ లక్ష్యం. పక్కనే ఏజిస్, జీబార్ అనే మరో రెండు బృందాలు వేరే దారుల్లో ఇదే కొలతకు పోతున్నాయి. ఏజిస్ అణువులను అడ్డంగా పంపి ఎంత వాలుతుందో చూడాలనుకుంటోంది. జీబార్ ఇంకో పాజిట్రాన్‌ను అదనంగా తగిలించి, చల్లబరిచాక దాన్ని తీసేసి కింద పడేయాలని చూస్తోంది.

ప్రతి నెలా ఒక్కసారైనా కేజీఎఫ్ పోతాను. మొన్న ఆదివారం వెళ్ళినప్పుడు గోడ మీది క్యాలెండరు చూశాను. తేదీల పక్కన పాల లెక్కలు, గ్యాసు బుక్ చేసిన రోజు, కింద మూలన ఆయన గుండ్రటి తెలుగు అంకెల్లో కాకుండా ఫ్యాక్టరీలో డ్రాయింగ్ మీద రాసినట్టు తీర్చి రాసిన 0.75, పక్కన ప్రశ్నార్థకం. ఏటా కొత్త క్యాలెండరు తగిలించినప్పుడు దాన్ని మళ్ళీ రాస్తున్నాడట, అమ్మ చెప్పింది. రైలుకు టైమవుతోందని చెప్పులు వేసుకుంటుంటే గడప దాకా వచ్చాడు.

"ఆ పావు సంగతి తేలినప్పుడు ఫోన్ చెయ్యి పాపా. రాత్రయినా పర్వాలేదు."